మొదటిసారి సదరం క్యాంపుకు వెళ్తున్నాను, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాకు 36 ఏళ్లు. రెండున్నరేళ్ల కిందట మిరప కోతలకు వెళ్లి వస్తుంటే ఆటో తిరగబడి కుడి మోకాలి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నరం కూడా దెబ్బతిన్నదన్నారు. అప్పటి నుంచి మోకాలు సగానికి మించి వంగదు. పాదం పైకి లేవదు, ఈడ్చుకుంటూ నడుస్తాను. పొలం పనులు మానేసి ఇంట్లో మిషను కుడుతున్నాను. సచివాలయంలో సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేశారు. వచ్చే నెల ఏరియా ఆసుపత్రికి రమ్మన్నారు. మా ఆడబిడ్డ ఇంకాస్త ఎక్కువ కుంటుతూ వెళ్లమంటోంది. ఊళ్లో ఒకాయన పాతిక వేలిస్తే 85 శాతం వేయిస్తానంటున్నాడు. మా అమ్మేమో చూడ్డానికి బాగానే ఉన్నావు, నీకెందుకిస్తారు అంటోంది. నలుగురిలో నేను వికలాంగురాలినని చెప్పుకోవాలంటేనే నాకు సిగ్గుగా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం తీసుకెళ్లాలి, ఏం చెప్పాలి, 40 శాతం రాకపోతే ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, కాగితాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సిగ్గు గురించి మాట్లాడుకోవాలి. క్యాంపులో చాలామందికి అన్యాయం జరిగేది అక్కడే.

సదరం క్యాంపులకు వెళ్లేవాళ్లకు కాగితాలు సర్దిపెట్టే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. లోపలికి వెళ్లి వచ్చినవాళ్లను డాక్టరు ఏమడిగారు, మీరేం చెప్పారు అని అడుగుతాను. దాదాపు అందరిదీ ఒకటే కథ. డాక్టరు తల ఎత్తి "ఎలా ఉన్నావమ్మా?" అంటారు. మనవాళ్ల నోట వెంటనే "బాగానే ఉన్నానండీ" అని వస్తుంది. పెద్దవాళ్లు పలకరిస్తే అలా అనడం మనకు మర్యాద. తర్వాత "మెట్లు ఎక్కగలవా?" అంటే "ఎక్కుతానండీ" అంటారు. "నీ పనులు నువ్వు చేసుకుంటావా?" అంటే "చేసుకుంటానండీ" అంటారు. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఎలా ఎక్కుతారు? పిట్టగోడ పట్టుకుని, ఎడమ కాలు పైమెట్టు మీద వేసి, కుడి కాలిని చేత్తో లాక్కుని పక్కన పెట్టుకుని, ఊపిరి తీసుకుని మళ్లీ ఇంకో మెట్టు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. అడిగిన ముక్కకు జవాబు చెప్పి ఊరుకుంటారు. బయట వందమంది ఎదురుచూస్తుంటారు కాబట్టి డాక్టరుకు గుచ్చిగుచ్చి అడిగే తీరిక ఉండదు.

అందుకని మీరు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. "చేయగలవా" అని అడిగితే "ఎలా చేస్తున్నానో" చెప్పండి. "మెట్లు ఎక్కుతానండీ, కానీ ఏదో ఒకటి పట్టుకోవాలి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టాలి. దిగేటప్పుడు ఎవరైనా పక్కన ఉండాలి." ఇంతే. ఏడవక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. "బాగానే ఉన్నాను" అనే మాట మాత్రం ఆ ఒక్క గదిలో వద్దు.

ఇక నేను వికలాంగురాలినని చెప్పుకోవడం గురించి. మీరు వెళ్తున్నది ఎవరి దయ కోసమో కాదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. ఇప్పుడు 21 ఉన్నాయి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవాళ్లకు కొన్ని ప్రత్యేక హక్కులు రాసిపెట్టారు. మిమ్మల్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం ఆ డాక్టర్ల విధి. ఆసుపత్రిలో దివ్యాంగులకు వరుసలో ప్రాధాన్యం ఇవ్వాలనీ, ర్యాంపులాంటి సదుపాయాలు ఉండాలనీ అదే చట్టం చెబుతోంది. ఎక్కువసేపు నిలబడలేకపోతే "నేను నిలబడలేనండీ, కుర్చీ కావాలి" అని అడగండి. మొహమాటపడి గంటలకొద్దీ నిలబడకండి.

మీ ఆడబిడ్డ ప్రేమ కొద్దీ చెప్పి ఉంటుంది గానీ, ఎక్కువ కుంటమన్న సలహా వినకండి. ఎందుకో తెలియాలంటే ఆ గదిలో ఏం జరుగుతుందో తెలియాలి. కాలి వైకల్యానికి శాతం వేయడానికి కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టరు ప్రధానంగా రెండు సంగతులు చూస్తారు. మొదటిది కదలిక. తుంటి, మోకాలు, చీలమండ ఎంతవరకు వంగుతున్నాయో గోనియోమీటర్ అనే కోణాల స్కేలుతో కొలుస్తారు. ఇందులోనే కండరాల బలం కూడా చూస్తారు. "పాదం పైకి లేపమ్మా, నా చేతిని నెట్టు" అంటూ సున్నా నుంచి ఐదు దాకా గ్రేడు వేస్తారు. మీరు కావాలని బిగబట్టినా, వదిలేసినా ఎముకల డాక్టరుకు చేయి వేయగానే తెలిసిపోతుంది. ఒక్కసారి నటన అనిపిస్తే మీ నిజమైన ఇబ్బందిని కూడా అనుమానంగానే చూస్తారు. దెబ్బతిన్న నరం, వంగని మోకాలు వాటంతటవే సాక్ష్యం చెబుతాయి. వాటికి నటన అక్కర్లేదు.

రెండోది నిలకడ. దీని గురించి క్యాంపుకు వెళ్లేవాళ్లకు చాలామందికి తెలియదు. దీంట్లో తొమ్మిది పనులు ఉంటాయి. చదునైన నేల మీద నడవడం, వాలు మీద నడవడం, మెట్లు ఎక్కడం, రెండు కాళ్ల మీద నిలబడడం, దెబ్బతిన్న కాలి మీద ఒక్కదాని మీదే నిలబడడం, గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం, నడుస్తూ పక్కకు తిరగడం. ఒక్కోదానికి 10 చొప్పున మొత్తం 90. ఏ పనిలో ఎంత నిలకడ పోయిందో దాన్నిబట్టి మార్కు పడుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో మీ రోజు ఎలా గడుస్తుందో తలుచుకోండి. మోకాలు సగం వరకే వంగితే గొంతుకు కూర్చోలేరు. అంటే మామూలు లెట్రిన్ వాడడం ఎంత కష్టమో మీకే తెలుసు. కుర్చీ లాంటిది పెట్టించుకున్నారా? గోడ పట్టుకుని కుడి కాలు ముందుకు చాపి కూర్చుంటున్నారా? ఆ మాట డాక్టరుకు చెప్పండి. మగ డాక్టరైనా సరే చెప్పండి, ఆయన రోజూ వినేదే. అన్నానికి అందరూ నేల మీద కూర్చుంటే మీరు మంచం మీదో స్టూలు మీదో కూర్చుంటున్నారా? గుళ్లో కింద కూర్చోలేక నిలబడే ఉంటున్నారా? ఇవన్నీ ఆ తొమ్మిదిలోవే. క్యాంపుకు వెళ్లేలోపు ఒక కాగితం మీద రాసుకోండి. మీకు రాయడం ఇబ్బందైతే పిల్లల చేత రాయించుకోండి. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా కుడి కాలు ఎక్కడ అడ్డం పడుతోందో, ఎక్కడ ఇంకొకరి చేయి కావాల్సి వస్తోందో రాస్తే చాలు. ఒక పేజీ దాటనివ్వకండి. లోపల గాభరాలో మాట రాకపోతే ఆ కాగితమే డాక్టరు ముందు పెట్టండి.

మంచి రోజులు, చెడ్డ రోజులు ఉంటే రెండూ చెప్పండి. "ఇవాళ ఫరవాలేదండీ, కానీ రోజంతా మిషను కుట్టిన మర్నాడు వాపు వచ్చి అడుగు వేయలేను. వారంలో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటుంది" అనండి. మీకు నిజంగా ఎన్ని రోజులు అలా ఉంటుందో అన్నే చెప్పండి.

మిషను అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, పెడలు ఏ కాలితో తొక్కుతున్నారు? ఎడమ కాలితోనే అయితే అది చెప్పాల్సిన సంగతి. మోటారు పెట్టించుకుని ఉంటే ఎందుకు పెట్టించుకోవాల్సి వచ్చిందో చెప్పండి. "పని చేసుకుంటున్నావుగా, ఇంకేంటి?" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. మీరు కుట్టుకుని బతుకుతున్నంత మాత్రాన మోకాలు వంగినట్టు కాదు. శాతం వేసేది కాలిని చూసి, సంపాదనను చూసి కాదు.

ఒక చిన్న విషయం. రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లండి, కొత్తవి కొనుక్కోకండి. పాదం పైకి లేవనివాళ్ల చెప్పు వేళ్ల దగ్గర అరిగిపోతుంది. మీ కుడి చెప్పు, ఎడమ చెప్పు పక్కపక్కన పెట్టి చూడండి. కుడిదాని ముందు భాగం నేలకు రాసుకుని పలచబడి, ఒక్కోసారి అంచు చీలి కూడా ఉంటుంది. ఎడమది మామూలుగా ఉంటుంది. డాక్టరు అడిగినా అడగకపోయినా, "చూడండి, కాలు ఇలా ఈడుస్తుంది" అని ఆ రెండు చెప్పులూ చూపించవచ్చు. పాదానికి స్ప్లింటు ఇచ్చి ఉంటే అది వేసుకునే వెళ్లండి. పరీక్షకు తీయమంటే తీయండి. మామూలుగా చేతికర్ర వాడుతుంటే తీసుకెళ్లండి. వాడకపోతే ఆ రోజు కోసం ఎవరిదో అరువు తెచ్చుకోకండి. కర్ర అలవాటు లేనివాళ్లు పట్టుకునే తీరే వేరుగా ఉంటుంది.

బట్టల గురించి ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మోకాలు పైదాకా, అవసరమైతే తొడ దాకా చూపించాల్సి వస్తుంది. బిగుతుగా ఉండే లెగ్గింగ్ వేసుకెళ్తే అక్కడ తంటాలు పడాలి. వదులుగా ఉండే పంజాబీ డ్రస్సు, లేదా ఘేరు ఎక్కువున్న లంగాతో చీర మంచిది. లోపల వదులు షార్ట్ లాంటిది వేసుకుంటే ఇంకా నిశ్చింత. పరీక్షప్పుడు నర్సో ఆయమ్మో పక్కన ఉండాలని అడగండి. మీతోపాటు వచ్చినవాళ్లను లోపలికి రానివ్వమనీ అడగండి. కానీ వాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి, మీ బదులు వాళ్లు మాట్లాడకూడదు. మీ అమ్మగారు వస్తే "దీనికేం, బాగానే తిరుగుతుంది" అని నోరు జారే ప్రమాదం ఉంది. రోజూ మిమ్మల్ని చూసే మీ ఆయనో, చేయి పట్టుకుని నడిపించే పిల్లో వస్తే మేలు.

ఇక కాగితాలు. ఆధార్, స్లాట్ రసీదు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్‌కు లింకైన ఫోను, ఇవి లేకుండా గడప దాటకండి. ఫోను మీ ఆయన దగ్గరో తమ్ముడి దగ్గరో ఉండిపోయి, ఓటీపీ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ వరుస పోగొట్టుకున్నవాళ్లను చాలామందినే చూశాను. ఆధార్‌లో పేరు, ఆసుపత్రి కాగితాల మీద పేరు ఒకటిగా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. పెళ్లయినవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు ఉంటుంది. వయసు కూడా తేడా రావచ్చు. ఆధార్‌లో తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి. సర్టిఫికెట్ వచ్చాక మార్పించడం చాలా కష్టం.

వైద్యం కాగితాల్లో ముఖ్యమైనది డిశ్చార్జి సమ్మరీ. ప్రమాదం ఎప్పుడు జరిగింది, ఏ ఎముక విరిగింది, ఏ ఆపరేషన్ చేశారు అనేవి దాంట్లో ఉంటాయి. అది పోయుంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లి కాపీ అడగండి. రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నియమాలు చెబుతున్నాయి. అయితే వాళ్లు మూడేళ్ల వరకే దాచి ఉంచాలి. మీకు ఇప్పటికే రెండున్నరేళ్లు దాటాయి, కాబట్టి ఈ పని వాయిదా వేయకండి. దాంతోపాటు విరిగినప్పటి ఎక్స్‌రే, ప్లేటు వేశాక తీసిన ఎక్స్‌రే, నరాల పరీక్ష చేయించి ఉంటే ఆ రిపోర్టు, ఫిజియోథెరపీ చీటీలు తీసుకెళ్లండి. నరం దెబ్బతిన్నదని నోటితో అన్నారే గానీ పరీక్ష చేయించలేదంటే, స్లాట్‌లోపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీకి వెళ్లి ఎముకల డాక్టరును గానీ నరాల డాక్టరును గానీ అడిగి చేయించుకోండి. ఇటీవలి ఎక్స్‌రే ఒకటి కూడా ఉంటే మంచిది. పాతవి మాత్రమే చూపిస్తే ఇప్పుడెలా ఉందో మళ్లీ తీయించుకురమ్మని పంపేస్తారు, ఆ రోజు వృథా అవుతుంది.

అన్నిటినీ తేదీల వరుసలో పెట్టండి, పాతవి కింద, కొత్తవి పైన. ఒక జిరాక్స్ సెట్టు విడిగా ఉంచండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి, ఎవరడిగినా ఇచ్చేసి రాకండి.

ఇంకో విషయం ముందే తెలుసుకోండి. చికిత్స ఇంకా నడుస్తుంటే, లేదా ముందు ముందు మెరుగయ్యే అవకాశం ఉందని డాక్టరుకు అనిపిస్తే, శాశ్వతం అని రాయకుండా కొంత కాలపరిమితితో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. అది తిరస్కరణ కాదు. గడువు తీరేలోపు మళ్లీ స్లాట్ తీసుకుని పరీక్షకు వెళ్లాలి. ఆ తేదీని క్యాలెండర్ మీద పెద్దగా రాసిపెట్టుకోండి. గడువు దాటిపోయాక గుర్తొస్తే అప్పటిదాకా వస్తున్నవి కూడా ఆగిపోతాయి. ఇదే శీర్షికకు పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్ల నుంచి తరచూ ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి వాళ్లకూ ఒక మాట. నరాల జబ్బుల్లో, అది మొదలైన ఆరు నెలలు దాటాకే శాతం వేస్తారు. ముందే వెళ్లి తిరిగి రావద్దు.

ఆ పాతిక వేల మనిషి సంగతికొస్తాను. అతనికి ఒక్క రూపాయి ఇవ్వకండి. నేను కోపంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఈ మాటలు నమ్మి పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. సగం మంది దళారులకు ఆ డాక్టర్లతో ఏ సంబంధమూ ఉండదు. మీకు న్యాయంగా రావాల్సిన 50 వస్తే "నేనే వేయించాను" అంటారు, రాకపోతే ఫోను ఎత్తరు. నిజంగానే 85 వేయించాడనుకోండి, అది నిలబడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్లు తీసుకుంటున్నవాళ్లను మళ్లీ వైద్య పరీక్షలకు పిలిచారు, 40 కంటే తక్కువ వచ్చినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. తప్పుడు దారిలో దివ్యాంగుల ప్రయోజనాలు పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 2016 చట్టంలోనే ఉంది. పట్టుబడేది మీరు, అతను కాదు. లోపల పనిచేసేవాళ్లే డబ్బు అడిగితే అవినీతి నిరోధక శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1064కు ఫోన్ చేయవచ్చు.

85 అనే అంకె మీద మీకు ఆశ ఎందుకు పుట్టించాడో కూడా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 ఇస్తున్నారు. పూర్తి వైకల్యంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఆ పెద్ద మొత్తం చూపించి వల వేస్తారు. మీరు నడుస్తున్నారు, మిషను కుడుతున్నారు. మీకు రావాల్సింది 6,000 పింఛను, దానికి 40 శాతం చాలు. 41 వచ్చినా 79 వచ్చినా ఆ పింఛను అంతే. కాబట్టి ఎక్కువ శాతం కోసం తాపత్రయం అనవసరం.

శాతం లెక్క గురించి ఒక మాట చెబితే తర్వాత మనసు కష్టపెట్టుకోరు. కదలికకు వచ్చింది, నిలకడకు వచ్చింది నేరుగా కూడరు. పెద్ద అంకెను అలాగే ఉంచి, చిన్నదాంట్లో కొంత భాగమే కలుపుతారు. దానికి ఒక సూత్రం ఉంది. 90లోంచి పెద్ద అంకెను తీసేసి, దాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చిందాన్ని పెద్దదానికి కలపాలి. ఉదాహరణకు కదలికలో 36, నిలకడలో 30 వచ్చాయనుకోండి. మొత్తం 66 కాదు, 54 అవుతుంది. కాలికీ చెవికీ, లేదా కాలికీ కంటికీ రెండు వైకల్యాలున్నవాళ్లకూ ఇలాగే కలుపుతారు. "రెండూ కూడితే 70 రావాలి, నన్ను మోసం చేశారు" అని బాధపడేవాళ్లకు ఈ లెక్క తెలియదు, పాపం.

పరీక్ష అయ్యాక శాతం అక్కడికక్కడే చెప్పకపోవచ్చు. వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాక సర్టిఫికెట్ వస్తుంది, సచివాలయంలో అడిగి తెలుసుకోండి. దాంతోపాటు కేంద్రం ఇచ్చే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు గురించి కూడా అడగండి. అది దేశమంతా చెల్లుతుంది. 40 నుంచి 80 లోపు ఉన్నవాళ్లకు పసుపు రంగు, 80, ఆ పైన ఉన్నవాళ్లకు నీలం, 40 లోపు ఉన్నవాళ్లకు తెలుపు. తెలంగాణలో ఉన్న పాఠకులకు పరీక్ష తీరు ఇదే, ఎందుకంటే మార్గదర్శకాలు దేశమంతటికీ ఒక్కటే. అక్కడ యూడీఐడీ పోర్టల్ ద్వారా దరఖాస్తు చేస్తారు, మీసేవలో సాయం దొరుకుతుంది. ఆసరా కింద దివ్యాంగుల పింఛను 2023లో 4,016 చేశారు.

సర్టిఫికెట్ రాగానే పింఛను దానంతటదే రాదు. ఇక్కడ చాలామంది మోసపోయినట్టు బాధపడతారు. సదరం అనేది మీకు వైకల్యం ఎంత ఉందో చెప్పే కాగితం. పింఛను వేరే దరఖాస్తు. దానికి రైస్ కార్డు, కుటుంబ ఆదాయం, భూమి, కరెంటు వాడకం, ఇంట్లో కారు, ప్రభుత్వ ఉద్యోగం వంటివన్నీ చూస్తారు. మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను ఇప్పుడే కలిసి, మీ ఇంటి వివరాల్లో అడ్డం వచ్చేవి ఏమైనా ఉన్నాయా, కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారు అని అడగండి. ఒక్కోసారి ఉమ్మడి ఇంట్లో మామగారి పేరు మీదున్న మీటరు బిల్లు వల్లో, మ్యాపింగ్‌లో, అంటే సచివాలయం వాళ్ల ఇంటి సభ్యుల నమోదులో, వేరే వాళ్లు మీ కుటుంబంలో కలిసిపోయి ఉండడం వల్లో ఆగిపోతుంది. అలాంటివి సర్టిఫికెట్ వచ్చేలోపే సరిచేయించుకోవచ్చు. అక్కడ దరఖాస్తు ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకోండి. ఎంత పరిచయస్తులైనా రసీదు లేకుండా రాకండి.

ఇక 40 రాకపోతే. ముందు ఎంత వచ్చింది, ఎందుకొచ్చింది తెలుసుకోండి. సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. గడువు ఉంటుంది కాబట్టి ఫలితం చేతికి రాగానే కదలాలి. జిల్లాలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల ఆఫీసు ఉంటుంది, అందరూ ఏడీ ఆఫీసు అంటారు. అప్పీలు ఎవరికి ఇవ్వాలో వాళ్లు చెబుతారు. వాళ్ల దగ్గర కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి. అర్జీలో "నాకు తక్కువ వేశారు, న్యాయం చేయండి" అని మాత్రమే రాస్తే ఉపయోగం తక్కువ. "మోకాలు ఇంత వరకే వంగుతోంది, పాదం పైకి లేవదు, నరాల పరీక్షలో ఇలా వచ్చింది, పరీక్షప్పుడు ఆ రిపోర్టు చూడలేదు" లేదా "గొంతుకు కూర్చోవడం, మెట్లు ఎక్కడం పరీక్షించలేదు" అని ఏది నిజమైతే అది రాయండి. అందుకే బయటికి రాగానే, ఇంటికి చేరకముందే, లోపల ఏమేం పరీక్షించారో, ఏ కాగితాలు చూశారో, ఏమడిగారో రాసిపెట్టుకోండి. రెండు రోజులైతే మరిచిపోతారు.

మీ అమ్మగారి మాటకు కూడా జవాబు కావాలి కదా. చూడ్డానికి బాగానే ఉన్నారన్నది నిజమే కావచ్చు. చీర కుచ్చిళ్లు పాదాల దాకా ఉంటే ప్లేటు వేసిన మోకాలు ఎవరికి కనపడుతుంది? ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. కూతురికి అలాంటి ముద్ర పడకూడదని ఆవిడ భయం. ఆ తొమ్మిది పనుల గురించి ఆవిడతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. మీరు లెట్రిన్‌కు వెళ్లడానికి ఎంత అవస్థ పడుతున్నారో ఆవిడకు మీరెప్పుడూ చెప్పి ఉండరు.

మరొక్కటి. 40 శాతం దాటితే పింఛనుతోనే ఆగకండి. ఆర్టీసీలో దివ్యాంగుల రాయితీ పాసు ఉంటుంది.  ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఉపకరణాలు ఇస్తారు. పాదం వేలాడకుండా పట్టి ఉంచే స్ప్లింటు మీ కాలి కొలతకు చేయించుకుంటే నడక తేలికవుతుంది, పడిపోయే భయం తగ్గుతుంది. ఏడీ ఆఫీసులో తర్వాతి ఉపకరణాల క్యాంపు ఎప్పుడని అడిగి, మీ పేరు రాయించి రండి. పాదం లేవని కాలితో మెట్లు దిగుతున్నారు కాబట్టి, పింఛను కంటే ముందు ఈ పని చూసుకోమంటాను.